దోనె అడుగున నీరు

ధ్యానభాగములు: మార్కు 4:35-41, లూకా 5:1-11, రోమా 6:1-4

సువార్తలలో నీటితో నిండిన దోనెలు రెండు తావుల కనబడును. మార్కు నాలుగవ అధ్యాయములో గాలి లేచి, అలలు ఎగసిపడి, శిష్యుల దోనె నిండిపోవుచుండగా ప్రభువు అమరమున నిద్రించుచుండెను. లూకా అయిదవ అధ్యాయములో గాలియు లేదు, అలయు లేదు. చేపలు విస్తారముగా పడుటచేతనే రెండు దోనెలును మునుగ నారంభించెను. ఈ రెంటినిగూర్చి మనము అనేక ప్రసంగములు వినియున్నాము. అయితే ఏ సువార్తికుడును వ్రాయని నీరు మరియొకటి కలదు. అది ప్రతిదినము దోనె అడుగున చేరు కొద్దిపాటి నీరు. పలకల సందులలోనుండి ఊరునది కొంత, తడివలలనుండి కారునది కొంత, వానకు పడునది కొంత. పేతురును అంద్రెయయు దానిని ఉదయ సాయంకాలములు తోడిపోసియే యుందురు. వింత ఏమియు లేదు గనుక ఎవరును వ్రాయలేదు. ఆ నీటినిగూర్చియే ఈ నెల మీతో మాటలాడ గోరుచున్నాను.

ఆ కాలపు దోనె ఎట్లుండెనో మనము ఊహించుకొననక్కరలేదు. 1986లో వానలు లేక గలిలయ సముద్రపు నీరు బాగుగా తగ్గినప్పుడు, గినోసరు యొద్ద ఇద్దరు జాలరి సహోదరులు బురదలో కూరుకొనియున్న ఒక పాత దోనెను కనుగొనిరి. అది మన ప్రభువు కాలమునకు చేరువ కాలములోనిదని పరీక్షలవలన తేలినది. పొడవు ఇంచుమించు 27 అడుగులు, వెడల్పు ఏడున్నర అడుగులు. దానిని చూచినవారికి ఎక్కువ ఆశ్చర్యము కలిగించినది దాని పరిమాణము కాదు, దాని అతుకులు. ఒక చోట దేవదారు, ఒక చోట సింధూరము, మరియొక చోట చేతికి దొరికిన ఏదో ఒక కర్ర. ఈలాగున పదిరకములకు మించిన కర్ర ఆ ఒక్క దోనెలో నున్నది. పాత దోనెల పలకలు ఊడదీసి దీనికి వేసిరి. పలుమారులు కారినది, పలుమారులు బాగుచేయబడినది. అది ఎవరిదో మనమెరుగము, పేతురుది అని చెప్పుటకు ఆధారమేమియు లేదు. అయినను పేతురు ఎక్కిన దోనెయు అట్టిదే యనుకొనుట తప్పు కాదు. కారని దోనెలో ప్రభువు ఎక్కెనని నేననుకొనను.

మన పరిటాల మెట్ట ప్రాంతము. ఇచ్చట దోనెలకంటె బోరు మోటార్లు ఎక్కువ. ఈ సంగతి మనకెందుకు అని కొందరు అడుగవచ్చును. కాని కృష్ణానది మనకెంతో దూరము లేదు, మున్నేరును అంత దూరము కాదు. 2023 జూలైలోను, 2024 సెప్టెంబరులోను మున్నేటి నీరు ఐతవరమునొద్ద రాజమార్గముమీదికి వచ్చి బండ్లను ఆపివేసిన సంగతి మీరెరుగుదురు. ఆ 2024 వరదలోనే ప్రకాశం బ్యారేజి యొద్ద 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పారెను. కట్లు తెగిన పడవలు కొట్టుకొని వచ్చి గేట్లను గుద్దెను. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నము ఫెర్రీ దగ్గర పడవ బోల్తాపడి ఇరువదిమందికి పైగా మరణించిరి. దాని కారణములు వేరైనను, పడవ అన్నమాట వినగానే మనవారి గుండె ఇంకను ఝల్లుమనును. చందర్లపాడు వైపు ఏటియొడ్డున వేటమీద బ్రదుకుచున్న మన విశ్వాసులు కొందరున్నారు. ఈ ప్రశ్న వారిలో ఒక కుటుంబమునుండి వచ్చినది.

ప్రశ్న చెప్పుటకు ముందు దోనె సంగతి కొంత తెలియవలెను. సముద్రతీరమున వాడు తెప్పకు ఈ బాధ లేదు. అది దుంగలు చేర్చి కట్టినది. నీరు దుంగల సందులలో పైకి వచ్చును, ఆ సందులలోనే దిగిపోవును. తెప్పకు కడుపు లేదు గనుక దానిలో ఏమియు నిలువదు. చేపయు నిలువదు, మనిషికి పొడిగా కూర్చుండ చోటును ఉండదు. దోనెకు కడుపు కలదు. అందుచేత దానిలో బరువు ఎత్తవచ్చును, పిల్లలను కూర్చుండబెట్టవచ్చును; అందుచేతనే నీరును నిలుచును. పూర్వము మద్రాసు రేవునకు ఓడకట్ట లేనప్పుడు ప్రయాణికులను ఒడ్డునకు చేర్చిన మసూలా పడవలను పలకలకు మేకులు లేకుండ కొబ్బరిత్రాటితో కుట్టెడివారు. అవి అలల దెబ్బకు విరుగక వంగును, కాని ఎప్పుడును కారుచుండును. అందుచేత దానిలో నీరు తోడుటకే ఒకడుండెడివాడు. పని చేయు దోనె ఏదైనను కొంత నీరు పుచ్చుకొనునని పెద్దలెరిగిన సంగతియే.

ఇక ఆ కుటుంబము. తండ్రికి అరువది దాటినది. కుమారునికి ముప్పది లోపు. వారిది కర్ర దోనె, ఇరువది అడుగులు ఉండును, వెనుక చిన్న ఇంజను బిగించుకొనిరి. 2024 వరద తరువాత అది ముందుకంటె ఎక్కువగా ఊరసాగెను. కుమారుడు విజయవాడ వెళ్లి, బ్యాటరీతో నడచు చిన్న నీటిపంపు ఒకటి కొని తెచ్చెను. నీరు కొంత ఎత్తు చేరగానే తేలుడుబిళ్ల పైకి లేచి పంపు తనంతట తానే నడచును, నీరు తగ్గగానే ఆగును. ఇంటివారు నిద్రలోనున్నను, రేవున కట్టియున్న దోనె తన నీరు తానే తోడుకొనును. తండ్రి దానిని బిగించుటకు ఒప్పుకొనలేదు. ఇరువురును నాయొద్దకు వచ్చిరి. పంపులనుగూర్చి పాదిరిని అడుగుటేమి అని మీరు నవ్వవచ్చును. కాని వారు అడిగినది పంపునుగూర్చి కాదు.

తండ్రి అనెను: "అయ్యగారూ, చేత్తో తోడినన్నాళ్లూ ఎంత నీరొస్తోందో నా చెయ్యే నాకు చెప్పేది. పొద్దునపూట పది డబ్బాలు. పన్నెండయితే ఎక్కడో సందు వదిలిందని ఒడ్డుకు లాగి చూసేవాణ్ణి. ఇప్పుడిది పెడితే వీడికి ఎవరు చెబుతారు? కన్నం పెద్దదవుతుంటే వీడు హాయిగా నిద్రపోతుంటాడు."

కుమారుడు అనెను: "నాన్నా, ముప్పై ఏళ్లు తోడావు. తోడేటప్పుడు కన్నం వెతకడానికి నీకు చెయ్యి ఖాళీ ఎక్కడిది? వేట నుంచి వచ్చేసరికి నడుం విరిగి పడుకునేవాడివి. నేను పంపు పెట్టేది నిద్రపోవడానికి కాదు."

ప్రియులారా, ఈ ఇద్దరి మాటలు విన్నప్పుడు నాకు రోమా పత్రిక ఆరవ అధ్యాయము జ్ఞాపకము వచ్చినది. కృప విస్తరించుచున్నది గదా, ఇక పాపములో నిలిచియుందుమా అని పౌలు అచ్చట అడుగుచున్నాడు. ఆ ప్రశ్న పౌలు కల్పించినది కాదు. అతని బోధ విని జనులు నిజముగా అడిగినదే. మూడవ అధ్యాయములో అట్టివారినిగూర్చి అతడు చెప్పనే చెప్పెను. క్షమాపణ నిశ్చయమైనచో మనుష్యుడు జాగ్రత్త మానుకొనడా? తప్పు చేసినవానికి దాని బరువు మోయవలసిన పని లేకపోయినచో, ఆ తప్పు ఎంత పెరిగినదో అతనికెట్లు తెలియును? ఆ ముసలి తండ్రి అడిగినది ఇదే. ఇది భక్తిహీనుని ప్రశ్న కాదు. భయభక్తులుగల అనేకులు దీనినే లోలోపల అడుగుదురు. సువార్త మరీ చౌకగా నున్నదని వారి అనుమానము.

దీనికి జవాబు చెప్పుటకు ముందు పంపునుగూర్చి తెలిసికొనుట మేలు. ఎందుకనగా దానియందు నమ్మిక ఎంతవరకు పెట్టవచ్చునో దాని పనివలననే తెలియును.

చిన్న దోనెలకు వాడు పంపు సాధారణముగా 12 వోల్టుల బ్యాటరీమీద నడచును. దానిమీద గంటకు సుమారు 1,900 లీటర్లు అని వ్రాసియుండును. అది పైకి ఎత్తు పని లేక, గొట్టము లేక నడిపినప్పటి లెక్క. మూడడుగులు ఎత్తి, గొట్టము గుండా, మెలికలు త్రిప్పి బయట పోయునప్పుడు అంత రాదు. బ్యాటరీ సన్నగిల్లినప్పుడు ఇంకను తగ్గును. సరే, వ్రాసినంతయు వచ్చినదనుకొందము. అది నిమిషమునకు 32 లీటర్లు. నీటిమట్టమునకు అడుగు క్రింద, అంగుళము వెడల్పుగల రంధ్రము పడినచో లోపలికి వచ్చు నీరు నిమిషమునకు ఇంచుమించు 45 లీటర్లు. కాబట్టి పంపు తిరుగుచుండగనే దోనె మునుగును. రంధ్రము పడిన దోనెను రక్షించుటకు ఈ పంపు చేయబడలేదు. దినదినము ఊరు నీటిని తీసివేయుటకు మాత్రమే చేయబడినది. అమ్మువారు ఈ సంగతి ఎల్లప్పుడును చెప్పరు.

బిగించుటలోను తెలివి కావలెను. దోనె నిలిచియున్నప్పుడు నీరు ఎచ్చటికి చేరునో అచ్చటనే, మిక్కిలి పల్లమైన తావున దానిని పెట్టవలెను. అడుగున అడ్డముగా నుండు కర్రలకు నీరు పారుటకై చిన్న సందులుండును. వాటిలో చేపపొలుసు, వలపోగులు చేరి మూసికొనిపోయినచో నీరు ఒక గదిలో నిలిచి పంపు దగ్గరకే రాదు. పంపు పొడిగా నుండును, దోనె బరువుగా నుండును. తేలుడుబిళ్లకు ఒక్క నూలుపోగు చుట్టుకొన్నను అది లేవదు. తీగల అతుకులు నీటికి పైన ఉండవలెను, ఫ్యూజు ఉండవలెను. తనంతట తాను నడచు ఏర్పాటుతోకూడ, చేతితో వేయు స్విచ్చి వేరుగా ఉండవలెను. రేకుడబ్బాను పారవేయరాదు.

ఒక మాట ప్రత్యేకముగా చెప్పవలెను. పంపు కదలకుండ ఉండుటకు దాని పీటను మరలతో అడుగుపలకకు బిగింపబోవుట అనేకులు చేయు పని. మర పలకను దాటి వెళ్లినచో, నీరు తోడుటకు పెట్టిన దానివలననే క్రొత్త రంధ్రము కలుగును. తెలిసినవారు ముందుగా ఒక చెక్కముక్కను అడుగునకు అంటించి దానిమీద పంపును బిగింతురు. సంఘక్రమశిక్షణయందు పెద్దలు కొందరు చేయు పని ఆ మరవంటిదని నాకు తోచును. ఒకని తప్పు సరిచేయబోయి, పదిమందిలో నిలువబెట్టి, ఆ కుటుంబమంతయు గుడికి రాకుండునట్లు చేయుదురు.

గొట్టము నీటిని విడుచు నోరు దోనె ప్రక్కన నీటిమట్టమునకు బాగుగా పైనుండవలెను. చెరువులో గొట్టము ముంచి, ఒక కొన గట్టు దాటించి క్రిందికి దింపినచో నీరు దానంతట అదే పారునని రైతులెరుగుదురు. ఆ నియమము చొప్పుననే, నోరు నీటిలో మునిగినచో, పంపు ఆగిన తరువాత నది నీరు ఆ గొట్టము గుండనే లోపలికి వచ్చును. ఖాళీ దోనెను చూచి గుర్తు పెట్టుకొన్నవారు ఇచ్చట మోసపోదురు. వలలు, మనుష్యులు, చేపలు ఎక్కిన తరువాత దోనె జానెడు దిగును; అప్పుడు పైనున్న నోరు క్రిందికి పోవును. లూకా అయిదవ అధ్యాయములోని దోనెలు మునుగుచున్నది తుపానువలన కాదని మొదట చెప్పితిని. ప్రభువు ఇచ్చిన సమృద్ధియే వాటిని దించినది. అప్పుడు వారు రెండవ దోనెలోని తమ పాలివారికి సైగచేసి పిలిచిరి. పంట బాగుగా వచ్చిన యేటను, మిరపకు మంచి ధర పలికిన యేటను మన సంఘములలో ఎన్ని తగవులు పుట్టెనో, కరవు యేటి తగవులతో పోల్చి చూడుడి. కరవులో అడుగు చూచుకొందుము. సమృద్ధిలో ఎవరు చూతురు?

అడుగున నీరు కొంచెమే గదా అనుకొనరాదు. అడుగుపలక మూడడుగుల వెడల్పుగల ఇరువది అడుగుల దోనెలో రెండంగుళముల నీరు నిలిచినచో అది 200 కిలోలకు పైగా తూగును. నాలుగు బియ్యపు బస్తాలకు మించిన బరువు. బస్తాలైనచో పెట్టినచోట ఉండును. నీరు ఉండదు. దోనె ఎడమకు ఒరిగినచో నీరంతయు ఎడమకే పరుగెత్తి దానిని ఇంకను ఒరగజేయును. కుడికి ఒరిగినచో కుడికే పరుగెత్తును. ఒరుగుచున్న వైపుననే చేరుట దాని స్వభావము. ఇద్దరు అన్నదమ్ములు గట్టు తగవుచేత మాటలాడుకొనుట మానిరనుకొనుడి. ఆ తగవు గట్టు దగ్గరనే యుండదు. పెండ్లి వచ్చినచో పెండ్లిలోనికి వచ్చును, పంచాయతీ ఎన్నికలు వచ్చినచో అందులోనికి, గుడికి పైకప్పు వేయు చందాలోనికికూడ వచ్చును. సంఘము ఏ వైపునకు ఒరిగినను ఆ పాత నీరు అచ్చటికి పరుగెత్తును.

ఇప్పుడు తండ్రి ప్రశ్నకు రండు. ఆయన మాటలో సత్యము కలదు. తోడు చేయి లెక్క పెట్టును. పది డబ్బాలు పన్నెండగుట ఆయన నడుమునకు తెలిసినది. మన పొలములలో ఆటోస్టార్టరు పెట్టిన తరువాత ఏమి జరుగుచున్నదో చూడుడి. కరెంటు వచ్చినప్పుడు మోటారు తనంతట తానే లేచును. మంచిదే, అర్ధరాత్రి పాముల భయముతో పొలమునకు పోవలసిన పని తప్పినది. అయితే గొట్టము పగిలి నీరు ప్రక్క పొలమున పడుచున్నను యజమానునికి తెలియుట మానినది. రక్తపు పోటునకు మాత్ర మింగుచు, దానిని నమ్ముకొని ఊరగాయ రెండింతలు తినువారిని మీరెరుగుదురు. కావున ముసలివాని భయము వట్టిది కాదు.

అయినను ఆయన వాదమునకు ఒక లోటున్నది, కుమారుడు దానిని పట్టుకొనెను. తోడుచున్నవాడు బాగుచేయలేడు. దోనెలో నీరు నిండుచుండగా పలక ఎచ్చట వదలినదో వెదకుటకు కుదరదు. నీరు కప్పియుండును, చేతులు డబ్బామీద ఉండును, భయము మనస్సుమీద ఉండును. రంధ్రము కనబడవలెననిన మొదట నీరు తీయవలెను, అప్పుడు అడుగు ఆరవలెను, అప్పుడు తడి ఎచ్చటినుండి మరల ఊరుచున్నదో కనిపెట్టవలెను. పాపపు బరువును తానే మోయవలెనని తలంచువాని స్థితియు ఇట్టిదే. అతడు దినమంతయు తోడుచునే యుండును. ఉపవాసము చేయును, తన్ను తాను తిట్టుకొనును, రాత్రులు నిద్రపోడు. తన తప్పు ఎచ్చట పుట్టుచున్నదో చూచుటకు అతనికి తీరిక లేదు. ముప్పదియేండ్లు పశ్చాత్తాపపడుచు, ముప్పదియేండ్లు అదే తప్పు చేసినవారిని నేను చూచితిని. వారి కన్నీరు అబద్ధము కాదు. వారికి కొరతపడినది కన్నీరు కాదు, ఖాళీ చేయి. దావీదు తన పాపమును దాచుకొన్న దినములలో తన యెముకలే క్షీణించెనని ముప్పదిరెండవ కీర్తనలో చెప్పుకొనెను. ఒప్పుకొని క్షమాపణ పొందిన తరువాతనే తాను నడువవలసిన త్రోవ ఏదని అతడు నేర్చుకొన సాగెను. ఆ కీర్తనలో ఏది ముందు, ఏది వెనుక అని చూచుకొనుడి.

కృప మనుష్యుని సోమరిని చేయునా అని అడిగినవారికి నేను చెప్పునది ఇదే. కృప అతని చేతులను ఖాళీ చేయును. ఖాళీయైన చేతులతో నిద్రపోవువాడు నిద్రపోవచ్చును. అది చేతుల తప్పు గాని ఖాళీ తప్పు కాదు. పౌలుకూడ రోమీయులకు జవాబు చెప్పునప్పుడు కృపను తగ్గించి చెప్పలేదు. భయపెట్టి జాగ్రత్తపరచుట అతనికి తెలియక కాదు. మీరు చనిపోయి లేచినవారు, మీ అవయవములను ఇప్పుడు నీతిపనికి అప్పగించుడి అనుటయే అతని భావము. అవయవములను అప్పగించుటకు అవి మొదట విడిపింపబడి యుండవలెను గదా.

నోవహు ఓడనుగూర్చి ఆదికాండము 6:14లో లోపలను వెలుపలను కీలు పూయవలెనని దేవుడు సెలవిచ్చెను. అచ్చట పూయుట, కీలు అను రెండు మాటలకును హెబ్రీలో ఉన్న అక్షరములే, లేవీయకాండములో ప్రాయశ్చిత్తము అను మాటలోను ఉన్నవని వేదాంత పాఠశాలలో మాకు నేర్పిరి. కప్పివేయుట అను భావము. దీనినుండి పెద్ద సిద్ధాంతము కట్టుట నాకిష్టము లేదు. మాటల పోలికలమీద భవనములు కట్టువారు చాలమంది యున్నారు. కాని మన జాలరులు పలకల సందులలో దూది కుక్కి, గుగ్గిలము నూనెలో మరిగించి పూయునప్పుడెల్ల నాకు ఆ మాట గుర్తునకు వచ్చును. నీరు తోడుట ఒకటి, సందు పూడ్చుట ఒకటి. పూత పూసితినని తోడుట మానరాదు, తోడుచున్నానని పూత మానరాదు. ప్రభువు మనయెడల రెండును చేయుచున్నాడు. మనము తరచుగా మొదటిది మాత్రమే అడుగుచున్నాము.

నా మనస్సులో నున్న భారమును ఇప్పుడు చెప్పెదను. ప్రతి ఆదివారము మనము పాపపుటొప్పుకోలు కలిసి చెప్పుచున్నాము. ఆ మాటలు అందరికిని కంఠస్థము. పిల్లలు గుక్క త్రిప్పుకొనకుండ చెప్పగలరు. చెప్పుట ముగియగానే క్షమాపణ వాక్యము చదువబడును, కూర్చుందుము. ఈ ఏర్పాటు మంచిది, మన పితరులు జ్ఞానముతో చేసినది, దానిని తీసివేయవలెనని నేననను. కాని అది అర్ధరాత్రి రేవులో తనంతట తానే నడచి ఆగు పంపువలె అగుచున్నదేమో యని నాకు వెరపు కలుగుచున్నది. నీరు పోవుచున్నది. ఎంత పోయినదో, ఎచ్చటినుండి వచ్చినదో అడుగువాడు లేడు. గట్టు తగవుగల ఆ అన్నదమ్ములిద్దరును ఒకే ఆదివారము, రెండు బల్లల దూరములో, ఒకే మాటలతో, తాము ఆలోచనచేతను క్రియచేతను పాపము చేసితిమని ఒప్పుకొందురు. ప్రభురాత్రి భోజనము పుచ్చుకొందురు. వేరువేరు ద్వారములగుండ ఇండ్లకు పోవుదురు. మత్తయి 5:23, 24 వచనములలో ప్రభువు అర్పణను బలిపీఠమునొద్దనే విడిచి ముందు సహోదరుని యొద్దకు వెళ్లుమని చెప్పెను. మన గుడిలో అట్లు మధ్యలో లేచి వెళ్లినవానిని నేనింతవరకు చూడలేదు.

మరియొక సంగతి. తోడిన నీరు ఎచ్చట పడుచున్నది? ఇంజను పెట్టిన దోనెలో అడుగునీటికి నూనె కలియును. పంపు దానినంతయు నదిలో పోయును. ఆ నదినీరే క్రింద విజయవాడవారు త్రాగుదురు. పెద్ద ఓడలకైతే 1973లో జరిగిన మార్పోలు ఒడంబడిక ఉన్నది. బయట పోయు నీటిలో పదిలక్షల భాగములకు 15 భాగములకు మించి నూనె ఉండరాదు. మన దోనెలమీద అట్టి ఓడల లెక్క లేదు, అయినను మనస్సాక్షి ఉన్నది. గోనెగుడ్డ ముక్కనో పాత బట్టనో అడుగున పరచి నూనెను అద్ది ఒడ్డుకు తెచ్చుట ఎంత పని? ఒప్పుకోలు విషయములోను ఈ జాగ్రత్త కావలెను. సాక్ష్యపు కూటములలో కొందరు లేచి తమ పాపమును ఒప్పుకొనబోయి, పొరుగువాని పాపమునుకూడ ఒప్పుకొందురు. తాము తేలికపడి కూర్చుందురు; క్రింది రేవువాడు ఆ నీరు త్రాగవలెను.

ఆ తండ్రి కుమారులు చివరకు పంపు బిగించిరి. నేను చెప్పినందున కాదు. కుమారుడు తండ్రి మాటకు ఒక దారి చూపెను. పంపు నడచినప్పుడెల్ల వెలుగునట్లు అమరమున చిన్న ఎఱ్ఱదీపము పెట్టెను, దానితో ఎన్నిమారులు నడచినదో లెక్కించు చిన్న పెట్టెయు కూర్చెను. తండ్రి ప్రతి ఉదయము ఆ అంకెను చూచి ఇంటిగోడమీద బొగ్గుతో వ్రాసెను. మొదటి వారము రాత్రికి నాలుగైదు. మాఘమాసము నాటికి తొమ్మిది. తొమ్మిది వచ్చిన దినమున దోనెను ఒడ్డునకు లాగి బోర్లించిరి. ఇంతకుమునుపు తోడుటతోనే గడచిన ఉదయములు ఇప్పుడు ఖాళీగా నున్నందున వెదకుటకు వ్యవధి దొరికెను. వరదలో ఏదో తగిలి వదలిన సందు ఒకటి అమరమునకు దగ్గర కనబడెను, దానిని పూడ్చిరి. అంకె మూడునకు దిగెను.

సున్నాకు దిగలేదు. ఈ సంగతి కుమారునికి కొంత నిరాశ కలిగించెను. రెండవమారు బోర్లించి వెదకిరి, ఏమియు దొరకలేదు. పాత కర్ర కొంత ఊరునని తండ్రి చెప్పెను. అట్టివారు మన సంఘములలో ఉన్నారు. వారిని తలంచియే ఈ భాగము వ్రాయుచున్నాను. కోపిష్ఠులుగా పుట్టినవారున్నారు, దిగులు స్వభావముగలవారున్నారు, త్రాగుడు మాని పదునైదేండ్లయినను దుకాణము ముందుగా నడచునప్పుడు ఇంకను చెమటపట్టువారున్నారు. వెదకినారు, పూడ్చినారు, ప్రార్థించినారు. అయినను రాత్రికి మూడుమారులు దీపము వెలుగుచున్నది. తన శరీరములోని ముల్లు తీసివేయుమని పౌలు ముమ్మారు వేడుకొనెనని 2 కొరింథీయులకు 12వ అధ్యాయములో చదువుచున్నాము. ముల్లు పోలేదు. తన కృప అతనికి చాలునని ప్రభువు సెలవిచ్చెను. నిర్లక్ష్యము చేయువాని దోనెయు, ఇట్టివాని దోనెయు రేవులో ప్రక్కప్రక్కన కట్టియున్నప్పుడు, చీకటిలో రెండింటి పంపు చప్పుడు ఒక్కటే. పెద్దలారా, ఆ చప్పుడు విన్నంతనే ఇది ఫలానివాని దోనె అని తీర్పు చెప్పకుడి. గోడమీది బొగ్గు అంకెలు చూచినవారికే తేడా తెలియును.

సురకూసై పట్టణమునుగూర్చి మీరు చదివియున్నారు, పౌలు రోమాకు పోవుచు అచ్చట మూడు దినములుండెను (అపొ. కా. 28:12). పౌలునకు ఇంచుమించు మూడువందల యేండ్లకు ముందు ఆ పట్టణపు రాజైన హియెరో ఒక మహా ఓడను కట్టించెననియు, దాని అడుగునీటిని ఆర్కిమీడీసు చేసిన మరగొట్టముతో ఒక్కడే మనుష్యుడు తోడగలిగెననియు పూర్వగ్రంథకర్తలు చెప్పిరి. అంత పెద్ద ఓడయు కారినది. రాజు దానినిగూర్చి సిగ్గుపడినట్లు ఎవరును వ్రాయలేదు. తోడుటకు ఒకనిని నియమించెను, అంతే.

వచ్చు ప్రభురాత్రి భోజనమునకు ముందటి శనివారము సాయంకాలము సిద్ధపాటు కూటము పెట్టుచున్నాము. అందులో ఒప్పుకోలు మాటలకు ముందు కొంతసేపు ఎవరును మాటలాడక, పాట పాడక కూర్చుందుము. మైకు ఆపివేయుదుము. గట్టు తగవులున్నవారు ఆ వ్యవధిలో బయటికి వెళ్లవలెననిన వెళ్లవచ్చును. తలుపు దగ్గర కూర్చుండు పెద్దలు ఎచ్చటికి అని అడుగకుందురు గాక. చందర్లపాడు వైపునుండి వచ్చువారికి బస్సు ఆలస్యమగునేమో, వారికొరకు కొంచెము ఆగి ప్రారంభించెదము.